ఏడాది ఫీజు

ఇంటి ఓనరమ్మ మెట్లు దిగి వెళ్లిపోయాక కూడా వీధి తలుపు వేయాలని ఎవరికీ తోచలేదు.

ఆవిడ కేకలేసినా బాగుండేది. వేయలేదు. "అద్దె వెనక్కొచ్చిందమ్మా. ఖాతాలో డబ్బుల్లేవని బ్యాంకు వాళ్లు మెసేజి పెట్టారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా లేదు కదా, ఏమన్నా ఇబ్బందా?" అని మెత్తగా అడిగి, లోపలున్న ముగ్గురి మొహాలూ ఒకసారి చూసి, సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఆ మెత్తదనమే గుచ్చుకుంది.

ఆ ఇంటి కోడలు ఇంకా ఆస్పత్రి యూనిఫాంలోనే ఉంది. పొద్దుటి నుంచి డయాలిసిస్ గదిలో ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దగ్గరికి తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. భుజాన సంచి అలాగే ఉంచుకుని ఫోనులో, ఇద్దరి పేరు మీదా ఉన్న ఖాతా తెరిచి చూసింది.

జీతం పడింది. పడిన మర్నాడే అందులోంచి పన్నెండు వేలు పోయాయి. అద్దె వంతు వచ్చేసరికి ఖాతాలో మిగిలింది చాల్లేదు.

"ఇదేంటి?" అంది, ఫోను భర్త మొహం ముందు పెట్టి.

అతను చూడలేదు. చూడక్కర్లేకుండానే తెలుసని అతని మెడ చెబుతోంది.

"ఏడాది ఫీజు," అన్నాడు.

"ఏ ఏడాదిది?"

"కార్డుది."

"కార్డుదని తెలుసు. ఏ ఏడాదికని అడుగుతున్నా. మీరు విమానం మొహం చూసి ఎన్నాళ్లయింది?"

అతను కళ్లజోడు కోసం జేబు తడుముకున్నాడు. అక్కడ లేదు.

ఆ నల్ల క్రెడిట్ కార్డు అతను స్కానింగు మిషన్లు అమ్మే రోజుల్లో తీసుకున్నది. అప్పట్లో వారానికి మూడు ఊళ్లు. విమానాశ్రయంలో మెత్తటి సోఫాలు, ఉచితంగా కాఫీలు, హోటల్లో పై అంతస్తు గది, అన్నీ ఆ కార్డు చూపిస్తేనే. ఏడాది ఫీజు కంపెనీ కట్టేది. నిరుడు కంపెనీ ఆ విభాగాన్నే ఎత్తేసింది. అప్పట్నుంచి అతను బావమరిది టైర్ల షాపులో కూర్చుని, వీలైనప్పుడల్లా బిల్లులు రాస్తున్నాడు. కార్డు మాత్రం పర్సులో అలాగే ఉంది.

"ఉద్యోగం పోయిన వారమే రద్దు చేయండి అన్నాను. వేరేది రానీ అన్నారు. తర్వాత అన్నాను. పాయింట్లు పోతాయన్నారు. పోయిన నెల అన్నాను. చేస్తాలే అన్నారు. ఆ 'చేస్తాలే' ఖరీదు పన్నెండు వేలు!"

"ఫీజు పడే తేదీ గుర్తులేదు. పడగానే మెసేజి వచ్చింది, అప్పటికే..."

"పడగానే నాకెందుకు చెప్పలేదు? ఆవిడొచ్చి గుమ్మంలో నిలబడితే గానీ నాకు తెలియకూడదా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తగారు వింటున్నారన్నమాట.

అతను గొంతు తగ్గించాడు. "అవి విమానం టికెట్లకి పనికొచ్చే ఎనిమిదేళ్ల పాయింట్లు. నిన్ను తీసుకెళ్దామనే దాచాను. సముద్రం చూడాలని నువ్వే కదా అన్నావు?"

"సముద్రం ఎక్కడికీ పోదు. ఈ ఇల్లే పోయేట్టుంది."

"అది కాదు. నీకర్థం కావట్లేదు." అతను లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. "ఆ కార్డు ఒకసారి వదిలితే మళ్లీ ఇవ్వరు. జీతం కాగితం లేనివాడికి ఏ బ్యాంకు ఇస్తుంది? రేపు ఎక్కడైనా పని దొరికితే..."

"గుర్రం పోయాక జీను భుజానేసుకు తిరిగినట్టుంది మీ వ్యవహారం."

ఆ మాట అన్నాక ఆమెకే నోరు చేదనిపించింది. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికొచ్చాడు. చేతుల నిండా టైర్ల నలుపు. వేళ్ల కొసలతో ఓ కళ్లజోడు పట్టుకున్నాడు.

"ఏం విమానం బావా, కళ్లజోడు షాపులో వదిలేసొచ్చావు? ఇంక రన్‌వే ఎలా కనబడుతుంది?"

ఎవరూ నవ్వలేదు. తమ్ముడు అక్క మొహం చూశాడు, బావ మొహం చూశాడు, కళ్లజోడు బల్ల మీద పెట్టాడు.

"ఏమైందే అక్కా?"

ఆమె చెప్పింది. చెబుతున్నంతసేపూ భర్త కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డాడు. అవతల గోడ తప్ప అక్కడ చూడ్డానికేం లేదు.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు తమ్ముడు. "ఫీజు పడ్డ నెలలోపు, మధ్యలో ఒక్కసారి కూడా గీకకుండా, రద్దు చేయమంటే డబ్బులు వెనక్కిస్తారు. కొన్ని బ్యాంకుల్లో ఉంది ఆ పద్ధతి. షాపు కార్డుకి నేనలాగే చేశాను. అసలు రద్దు అన్న మాట వింటేనే కాళ్లావేళ్లా పడతారు. ఇప్పుడే చెయ్యి బావా, స్పీకర్లో పెట్టు. అద్దె సంగతి ఈలోగా నేను సర్దుతాను."

"వద్దురా," అంది ఆమె వెంటనే. భర్త భుజాలు కుంగడం ఆమె చూసింది. "మా ఇన్‌ఛార్జినడిగి రెండు షిఫ్టులు ఎక్కువ చేస్తాను. ఓనరమ్మకి నేను చెప్పుకుంటా. మీరు ఫోను చేయండి."

"రేపు చేస్తాలే..."

"ఇప్పుడు."

అతను ఫోను తీశాడు.

ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, కార్డు అంకెలు కొట్టమంది, పుట్టినరోజు కొట్టమంది. మీ ఫోను మాకెంతో విలువైనది అని చెప్పి సంగీతం మొదలెట్టింది. ఆ సంగీతం సాగీ సాగీ ఆఖరికి తమ్ముడు కూడా కాలితో తాళం వేయడం మానేశాడు.

చివరికి ఓ అమ్మాయి పలికింది. గొంతులో పంచదార.

"చెప్పండి సర్, మీకే విధంగా సహాయపడగలను?"

"యాన్యువల్ ఫీజు విషయం మాట్లాడాలి," అన్నాడు అతను.

ఆ గొంతు విని ఆమె తలెత్తింది. నిదానంగా, నిండుగా, అవతలివాళ్లు కుర్చీలో సర్దుకు కూర్చునేలా మాట్లాడే గొంతు. ఏడాదిగా ఈ ఇంట్లో వినబడనిది. ఆస్పత్రికి మిషను బిగించడానికి వచ్చి, డాక్టర్లందరి మధ్యా నిలబడి మాట్లాడుతుంటే ఆమె మొదటిసారి విన్నదీ అదే గొంతు.

"మీలాంటి పాత కస్టమర్లని వదులుకోవడం మాకిష్టం లేదు సర్. మీ కోసం ప్రత్యేకంగా ఒక ఆఫరుంది. మూడు నెలల్లో లక్షన్నర ఖర్చు పెడితే ఫీజు మొత్తం మాఫీ."

అతను ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్లు మెరుస్తున్నాయి. "విన్నావా? మొత్తం మాఫీ!"

"లక్షన్నర దేనికి ఖర్చు పెడతారు?"

"ఎలాగూ ఫ్రిజ్ పాతబడింది. అమ్మ గదిలోకి ఏసీ..."

"పన్నెండు వేలు మిగుల్చుకోవడానికి లక్షన్నర తగలేస్తారా? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే!"

తమ్ముడికి నవ్వొచ్చింది. దగ్గులోకి మార్చుకున్నాడు.

ఆమె ఫోను వైపు వంగింది. "అమ్మా, ఆఫర్లొద్దు. రద్దు చేసేముందు పాయింట్లు వాడుకోవాలి. దానికెంత గడువుంది?"

"అది తర్వాత అడుగుదాం..." అంటూ అతను ఫోను లాక్కోబోయాడు. అప్పటికే అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినబడుతోంది.

"సర్, మీ ఖాతాలో ప్రస్తుతం పాయింట్లేమీ లేవు. పోయిన నెలలో రెండు విమానం టికెట్లకు వాడేశారు. ఇంకేమైనా సహాయం కావాలా సర్?"

అతను ఫోను కట్టేశాడు.

"అక్కా, షాపు తెరిచే వచ్చాను," అని తమ్ముడు గొణిగి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయటపడ్డాడు. వెళ్తూ వెళ్తూ, అంతసేపూ తెరిచే ఉన్న తలుపుని దగ్గరికి లాగి వెళ్లాడు.

ఆమె భుజాన ఉన్న సంచి దించి కుర్చీలో పెట్టింది. తనూ కూర్చుంది.

"రెండు టికెట్లు," అంది. "ఎవరితో?"

"ఛీ! ఎవరితోనూ కాదు. ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి."

"ఎప్పుడు?"

"టైర్ల లోడు చూసుకోవడానికి వెళ్తున్నానని చెప్పాను చూడు, ఆ రోజు."

"ఎందుకు?"

"ఇంటర్వ్యూ." అతను గోడ కేసి చెప్పాడు ఆ మాట.

ఆమెకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. కోపం మధ్యలోంచే లేచింది. "వచ్చిందా?"

"వచ్చింది."

"మరి?"

"వద్దన్నాను."

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె నోట ఆ మాట వచ్చింది.

"నువ్వు..." అంది. "నువ్వు వద్దన్నావా? నేను సెలవు పెట్టకుండా, పండగనక పబ్బమనక షిఫ్టులు చేస్తుంటే, ఇంటికొచ్చిన ఉద్యోగాన్ని నువ్వు వద్దన్నావా? నాతో ఒక్క మాటైనా అనకుండా?"

"నీ కోసమే వద్దన్నాను." అతను ఇటు తిరిగాడు. "నీకిప్పుడిప్పుడే పర్మినెంటు అయింది. ఎన్నేళ్లు కాంట్రాక్టులో పడున్నావో నాకు తెలీదా? ఈ ఊరు వదిలి వెళ్దామంటే నీ ఉద్యోగం ఏం కావాలి? అదంతా ఆలోచించే..."

ఆమెకు ఇంత కోపంలో ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిట్టబోతూ ఎత్తిన చెయ్యి తెలియకుండానే ఒళ్లో వాలింది.

"అబద్ధం ఆడకురా."

అత్తగారు వంటింటి గడప మీద నిలబడి ఉన్నారు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటున్నారు.

"అమ్మా, నువ్వు ఊరుకో."

"నెల రోజులు ఊరుకున్నాను. చెప్పొద్దని ఒట్టేయించుకున్నావు కాబట్టి ఊరుకున్నాను. నీ తప్పు తెచ్చి దాని నెత్తిన రుద్దుతుంటే మాత్రం ఊరుకోను." ఆవిడ కోడలి వైపు తిరిగారు. "ఊరు మారే పనే లేదమ్మాయ్. ఇక్కడుండి తిరిగే ఉద్యోగమే. మనింటికి వచ్చేవాడు చూడు, వీడి దగ్గర పని నేర్చుకున్న ఆ బుడ్డోడు? వాడే అక్కడ మేనేజరు. వాడి కింద పని చేయాలి. అదీ సంగతి."

బుడ్డోడు ఆమెకు గుర్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతులు ఎప్పుడూ పొట్టిగా ఉండే కుర్రాడు. భోజనానికి వస్తే విస్తరి తనే తీసేవాడు. వద్దంటే వినేవాడు కాదు.

"నిజమేనా?" అంది.

అతను కూర్చున్నాడు. కూలబడ్డాడంటే సరిగ్గా ఉంటుంది.

"ఆస్పత్రి మంచాలమ్మే కంపెనీ," అన్నాడు. "వాడికి టై ముడి వేయడం నేర్పింది నేను. డాక్టరు గదిలోకి అడుగెలా పెట్టాలో నేర్పింది నేను. వాడి బల్ల ముందు కూర్చున్నాను. ఫైలు తెరిచి నా వివరాలు చదువుతున్నాడు, కళ్లెత్తి నన్ను చూడలేక. రేపట్నుంచి నేను వాడికి లెక్కలు చెప్పుకోవాలి. ఎక్కడికెళ్లావు, ఎన్ని మంచాలమ్మావు అని వాడడగాలి."

"మా తమ్ముడి షాపులో టైర్లు లెక్కపెట్టట్లేదా?"

"మీ తమ్ముడు నన్ను బావా అంటాడు."

అత్తగారు లోపలికెళ్లిపోయారు. ఆ పూట ముగ్గురూ మూడు వేళలప్పుడు తిన్నారు.

మర్నాడు డయాలిసిస్ గదిలో ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సూది గుచ్చి, గొట్టం కదలకుండా ప్లాస్టర్ అంటించి, మిషను మీద అంకెలు చూసి, దుప్పటి భుజాల దాకా లాగి, పక్క మంచానికి. ఇన్‌ఛార్జి రెండు షిఫ్టులు ఇస్తానంది, "ఒళ్లు చూసుకో" అని కూడా అంది.

మనసు మాత్రం ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది. నీ కోసమే వద్దన్నాను. అబద్ధమని తెలిసిన తర్వాత కూడా అది కాసేపు ఎంత తియ్యగా ఉందో తలుచుకుంటే తన మీద తనకే ఒళ్లు మండింది.

టీ వేళకి మెట్ల దగ్గరికి వెళ్లింది. బుడ్డోడి నంబరు ఆమె ఫోనులో కూడా ఉంది.

"మేడం! సర్ బావున్నారా?" అన్నాడు అవతలివాడు. గొంతు లావెక్కింది గానీ కంగారు అలాగే ఉంది.

"బావున్నారు. ఆ ఉద్యోగం... ఎవరికైనా ఇచ్చేశారా?"

అటు వైపు ఏదో తలుపు మూసిన చప్పుడైంది.

"ఇంకా లేదు మేడం. ఇంకొకాయన్ని చూశాం. మా ఓనరు ఆయన్నే తీసుకోమని గోల పెడుతున్నారు. ఇవాళ సాయంత్రంలోగా సర్ సరేనంటే నేనాపగలను. తర్వాత నా చేతుల్లో ఉండదు." కాస్త ఆగి అడిగాడు. "మేడం, ఫోను చేయమని సర్ చెప్పారా?"

చెప్పాల్సిన నిజం నోటి దాకా వచ్చింది.

"అవును," అంది ఆమె. "మీతో మాట్లాడ్డానికి మొహమాటపడుతున్నారు."

"అయ్యో, నా దగ్గరా! నేనే చేస్తాను సాయంత్రం. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు మేడం, సర్‌ని అలా ఎదురుగా కూర్చోబెట్టి..." అతను ఆ మాట పూర్తి చేయలేదు. "ఒక్క సంగతి. మాది చిన్న కంపెనీ. టూర్లకి ముందస్తుగా డబ్బులివ్వలేం. టికెట్లూ హోటళ్లూ సొంత కార్డు మీద పెట్టుకుంటే నెలాఖరుకి కట్టేస్తాం. ఆ ఇంకొకాయనకి కార్డు లేదు, నేను ఓనరుకి చెప్పిందీ అదే. సర్ దగ్గర ఆ నల్లకార్డు ఉందిగా?"

"ఉంది," అంది ఆమె. "ఉండకేం."

ఫోను పెట్టేశాక నవ్వొచ్చింది. ఏడాదిగా పీకి పారేయమని తను పోట్లాడుతున్న కార్డు! వెంటనే భర్తకి చేయబోయింది. రద్దు చేయకండి, ఒక్కరోజు ఆగండి అని చెబితే చాలు.

లోపల మిషను కూత పెట్టింది. మూలమంచం ముసలాయనకి బీపీ పడిపోయింది. ఆమె ఫోను జేబులో పడేసి పరిగెత్తింది. ఆయన కాళ్లెత్తి పట్టుకుని, సెలైను వదిలి, మొహం మీద చెమట తుడిచి, కళ్లు తెరిచేదాకా పక్కనే నిలబడింది. ఆయన తేరుకునేసరికి తర్వాతి షిఫ్టు వాళ్లొచ్చి మంచాల దగ్గర నిలబడి ఉన్నారు.

బస్సులో కూర్చుని చేసింది. ఫోను బిజీ. మళ్లీ చేసింది. బిజీ. దిగేలోపు ఇంకా ఎన్నిసార్లు చేసిందో. ప్రతిసారీ బిజీయే.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసింది అతనే. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో ఓ తేటదనం ఉంది.

"కూర్చో, టీ పెట్టాను," అన్నాడు.

బల్ల మీద కత్తెర ఉంది. కత్తెర పక్కన నల్లకార్డు రెండు ముక్కలుగా ఉంది.

"రద్దు చేసేశాను," అన్నాడు. "ఆ అమ్మాయి ఎంత బతిమాలిందో తెలుసా? సగం ఫీజంది, పావు ఫీజంది, వేరే కార్డంది. మళ్లీ పై ఆఫీసరుకి కలిపింది. మధ్యాహ్నం నుంచీ ఫోను మీదే ఉన్నాను. వద్దంటే వద్దన్నాను. ఫీజు వారంలో ఖాతాలో పడుతుంది. ఓనరమ్మకి నేనే కిందకెళ్లి చెప్పొచ్చాను. సరే బాబూ అంది."

ఆమె నిలబడే ఉంది.

"ఇంకోటి. మీ తమ్ముడితో మాట్లాడాను. పిలిచినప్పుడు వచ్చి కూర్చోవడం కాదు, నెల జీతం మీద పూర్తిగా చేరతానన్నాను. ఎగిరి గంతేశాడు. రేపట్నుంచే." అతను కప్పు ఆమె ముందుకి జరిపాడు. "నువ్వు నిన్నన్నది నిజమే. గుర్రం లేదు. జీనెందుకు?"

వంటింటి గడప దగ్గర అత్తగారు నిలబడి కోడలి మొహమే చూస్తున్నారు. ఏదో జరిగిందని ఆవిడ పసిగట్టారు.

"మాట్లాడవేం?" అన్నాడు అతను. "ఏడాదిగా నువ్వడిగిందే కదా చేశాను? ఇప్పుడు కూడా ఆ మొహమేనా?"

"మళ్లీ ఇస్తారా?" అంది ఆమె మెల్లగా.

"ఏంటి?"

"కార్డు. మనసు మార్చుకున్నామంటే మళ్లీ ఇస్తారా?"

అతను నవ్వాడు, పరాచికమనుకుని. ఆమె నవ్వలేదు. అతని నవ్వు కూడా సగంలో ఆగిపోయింది. "ఇవ్వరని నిన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాను కదే... ఇప్పుడెందుకడుగుతున్నావు?"

బల్ల మీద అతని ఫోను మోగింది.

అతను తెర మీద పేరు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఫోను తీయలేదు. తెర ఆమె వైపు తిప్పాడు.

బుడ్డోడు.

"వీడెందుకు చేస్తున్నాడు?" అన్నాడు.

ఆమె ముక్కల వైపు చూసింది. అత్తగారి వైపు చూసింది. భర్త వైపు మాత్రం చూడలేకపోయింది.

ఫోను మోగుతూనే ఉంది.

"నిన్నే అడుగుతున్నా," అన్నాడు అతను. గొంతులో తేటదనం పోయింది. "నువ్వేం చేశావు?"